సబ్బు వద్దు, చుట్ట కావాలి

మా అక్క చుట్ట తాగుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ముక్కున వేలేసుకుంటే నేనేమీ చేయలేను. చాటుగా కాదు, గుట్టుగా కాదు, వీధి మెట్ల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని, తన చేత్తో చుట్టుకున్న చుట్ట తాగుతుంది. పొగ మంచిదని నేననను. ఏళ్ళ తరబడి పొగాకు మధ్య పనిచేస్తున్నా నాకు ఆ వాసన ఈనాటికీ గిట్టదు. కానీ ఆవిడ తాగడం వెనక ఒక సంగతి ఉంది. అది తెలియకుండా ఎవరైనా నోరు పారేసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే చెబుతున్నాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోటికోడలు. మా ఆయనకు అన్నగారి భార్య. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టిన మొదటి వారమే ఇద్దరం బిందె దగ్గర పోట్లాడుకున్నాం, రెండో వారం కలిసిపోయాం, మూడో వారం మళ్ళీ పోట్లాడుకున్నాం. ఇప్పటికీ అదే వరస.

ఇది పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. మా ఇంట్లో ముగ్గురం చుట్టల కార్ఖానాలోనే పనిచేసేవాళ్ళం. కార్ఖానా అంటే గొప్పగా ఊహించుకోకండి. రేకుల కప్పుతో ఒక పొడవాటి షెడ్డు. ఒక చివర పొగాకు కట్టలు, వాటి మీద తడి గోనెలు. తడి చాలకపోతే ఆకు చేతిలోనే పొడైపోతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. గోడ వారగా నేల మీద మేం పదకొండు మంది ఆడవాళ్ళం. మా పని ఈనె తీయడం. ఆకు నడుమ ఉండే లావుపాటి ఈనెను కొస దగ్గర పట్టుకుని ఒక్క లాగులో ఊడదీయాలి. ఆకు రెండు చెక్కలు కావాలి, ఎక్కడా చిరగకూడదు. కిటికీల వైపు, వెలుతురులో, బల్లలు. ఆ బల్లల దగ్గర చుట్టలు చుట్టేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. మూడో బల్ల మా బావగారిది.

అక్క అంతకు ముందు పద్నాలుగేళ్ళు ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికింది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఉతకడం, పిండటం, ఆరేయడం. అక్కడ యంత్రాలు తెచ్చి పెట్టుకుని ఈవిడను ఇంటికి పంపేశారు. నేనే తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాను ఈనెలు తీయడానికి. వారం తిరక్కుండానే ఆవిడ చూపు కిటికీల వైపు పోయింది. ఏడో బల్ల ఖాళీగా ఉంది. దాని మీద పనిచేసిన పెద్దాయన చూపు తగ్గి మానేశాడు.

"ఏమే, ఆ బల్ల ఎవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు. మేస్త్రి తన కొత్త అల్లుడి కోసం అట్టే పెట్టాడట."

"అల్లుడికి చుట్టడం వచ్చా?"

"రాదు. నేర్చుకుంటాట్ట."

"నేనూ నేర్చుకుంటాను" అంది. అని ఊరుకోలేదు. యజమాని వారానికోసారి వచ్చేవాడు. ఆయన లోపలికి రాగానే ఈనెల బుట్ట పక్కన పెట్టి లేచి నిలబడి అడిగేసింది. ఆయనకు తొందర పని ఏదో ఉంది. "చెయ్యి ఆడితే చాలు, ఎవరైతేనేం? ఒక నెల చూడు మేస్త్రీ" అనేసి వెళ్ళిపోయాడు. మేస్త్రి మొహం మాడిపోయింది. ఆ నెలాఖరు రోజు చుట్టినవాటిలో సగానికి పైగా పరీక్షలో నెగ్గితే బల్ల ఆవిడది, లేకపోతే అల్లుడిది. ఈనెల దగ్గర ఆవిడ ఖాళీ చేసిన చోటుకు కూడా మర్నాడే ఇంకో మనిషిని తీసుకున్నాడు. అంటే బల్ల పోతే కార్ఖానాలో ఆవిడకు నిలబడే చోటు కూడా ఉండదు. ఇంట్లో అత్తగారి మందులకూ, అద్దెకూ బావగారి చెయ్యీ నా చెయ్యీ చాలవు. మా ఆయన లారీ మీద ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ఆయనకే తెలియదు.

మేస్త్రి గురించి చెప్పాలి. ఆయన్ను మేం వెనకాల జుర్రు మేస్త్రి అనేవాళ్ళం. జేబులో ఒక సన్నటి ఇత్తడి గొట్టం ఉండేది. సాయంత్రం ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి, చుట్ట ఒక కొసను ఆ గొట్టానికి ఆనించి, ఇంకో వైపు నుంచి జుర్రుమని పీల్చేవాడు. గాలి సాఫీగా వస్తే చుట్టను పెట్టెలో వేసేవాడు. రాకపోతే చాకుతో నిలువునా చీల్చి, లోపలి ఆకు బుట్టలోకి దులిపేవాడు. టీ తాగేటప్పుడూ అదే చప్పుడు చేసేవాడనుకోండి.

అక్క చెయ్యి నిజంగా మంచి చెయ్యి. నాలుగు రోజుల్లో ఆవిడ చుట్టలు చూడ్డానికి అందరి వాటికన్నా ముచ్చటగా తయారయ్యాయి. సమానమైన లావు, ఎక్కడా ముడత లేదు, పైన చుట్టిన ఆకు అంచు ఎక్కడ మొదలైందో వెతికినా కనపడదు. నేను పక్కవాళ్ళకు చూపించి మురిసిపోయాను. మేస్త్రి వచ్చాడు, గొట్టానికి ఆనించాడు, పీల్చాడు.

"గాలి లేదు" అన్నాడు. చీల్చాడు.

రెండోది. "గాలి లేదు." మూడోది. "గాలి లేదు." అలా ఒకటి తర్వాత ఒకటి, ఆవిడ ఎదుటే, అందరి ఎదుటే. బల్లల దగ్గర కిసుక్కున నవ్వులు. అక్క రెప్ప వేయకుండా ఆ చాకునే చూస్తూ నిలబడింది. నాకు మాత్రం ఆ మేస్త్రి జుట్టు పట్టుకుని వంచాలనిపించింది.

మర్నాడు లోపల ఆకు తగ్గించి చుట్టింది. చుట్ట మెత్తగా వచ్చింది. అయినా గాలి లేదు. ఇంకా తగ్గించింది. అయినా లేదు. తప్పెక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. ఒకరి చేతి తప్పు ఇంకొకరు చెప్పకూడదు. ఎవరి చుట్ట వాళ్ళే తాగి చూసి దిద్దుకోవాలి. అందుకోసమే పని దిగే ముందు చుట్టేవాళ్ళు ఒక్కొక్కరూ తమ కుప్పలోంచి ఒక చుట్ట తీసుకుని, బల్ల దగ్గరే వెలిగించుకుని, కాలే తీరు చూస్తూ కూర్చునేవాళ్ళు. దాన్ని రోజు చుట్ట అనేవాళ్ళు, అది పూర్తయ్యేదాకా మేస్త్రి కూడా ఎవర్నీ లేపేవాడు కాదు. ఒక పక్కే కాలితే ఆకు ఒక పక్క ఎక్కువైందన్నమాట. నోరు మండితే మొక్క పైకొసన కోసిన ఆకు ఎక్కువైందన్నమాట. ఇలా ఎవరి తప్పు వాళ్ళకు ఆ పొగే చెప్పేది.

తన కుప్పలోంచి ఒకటి చీల్చకుండా ఇమ్మని అక్క కూడా చెయ్యి చాపింది. మేస్త్రి ఆ చేతిలో ఒక సబ్బు పెట్టాడు.

ఈనెలు తీసే ఆడవాళ్ళకు రోజూ ఒక చిన్న సబ్బు ఇవ్వడం ఆనవాయితీ. చేతులకు జిగురు అంటుతుంది కదా, కడుక్కోవడానికి.

"ఇదేంటి మేస్త్రిగారూ?"

"సబ్బమ్మా. చూడలేదా ఎప్పుడూ?"

"చూశాను. పద్నాలుగేళ్ళు సబ్బే చూశాను. నేనిప్పుడు చుట్టలు చుడుతున్నాను కదా, నా రోజు చుట్ట ఏది?"

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాడు. "మగవాళ్ళకి చుట్ట, ఆడవాళ్ళకి సబ్బు. ఈ రూలు నేను పెట్టింది కాదు తల్లీ, మా నాన్న రోజుల్నుంచీ ఉంది."

"మరి నా తప్పు నాకు తెలిసేదెలా?"

"నేను చెబుతున్నాగా, గాలి లేదని."

అక్క ఆ సబ్బును సంచీలో వేసుకుంది. ఇంటికొచ్చాక వాడలేదు. ఒక పాత తలగడ గలీబులో వేసి మూతి కట్టి మంచం కింద పెట్టింది. మర్నాడు ఇంకో సబ్బు ఇచ్చాడు, అదీ అందులోకే. ఎందుకక్కా అంటే, "ఉండనీ, పని పడుతుంది" అంది.

మా బావగారు మంచాయన. మంచాయన అంటే ఎవరేమన్నా నీళ్ళు నమిలే రకం. ఆ సాయంత్రం తన రోజు చుట్టను తాగకుండా రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు. "నువ్వు తాగి చూడు. ఎవరికీ చెప్పనులే" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడకు చెమర్చలేదు.

"ఏవండీ, మీ చుట్ట తాగితే మీ తప్పు తెలుస్తుంది. నా తప్పు నాకెలా తెలుస్తుంది?" అని దాన్ని తిరిగి ఆయన రుమాల్లోనే పెట్టేసింది. తను చుట్టినవి బయటికి తేవడానికి లేదు, గేటు దగ్గర సంచీలు వెతుకుతారు. అందుకని ఆదివారం పొద్దున్నే నన్ను వెంటేసుకుని పొగాకు దుకాణానికి బయల్దేరింది.

దుకాణం ముసలాయన ఆకులు వాసన చూపిస్తూ, "మీ ఆయన ఘాటుగా తాగుతాడా, చప్పగా తాగుతాడా?" అని అడిగాడు.

"మా ఆయనకి కార్ఖానాలో ఇస్తారు. ఇది నాకు."

ఆయన చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. నేను చటుక్కున వీధి వైపు తిరిగి నాకేం సంబంధం లేనట్టు నిలబడ్డాను. నిజమే చెబుతున్నాను, ఆ రోజు నాకు సిగ్గేసింది.

నల్లరేగడి భూమిలో పండిన ముదురాకు కొంత, ఇసుక నేలలో పండిన పల్చటి ఆకు కొంత తీసుకుంది. వంటగదిలో తడి తువ్వాలు పరిచి ఆకు మెత్తబరిచింది. నేను ఈనెలు తీసిపెట్టాను. కూరలు తరిగే పీట బోర్లించి దాని మీద చుట్టింది. తర్వాత అగ్గిపెట్టె పట్టుకుని నేరుగా వీధి మెట్ల మీదికి నడిచింది.

"పెరట్లో కూర్చోవే!" అని అరిచింది మా అత్తగారు. "వీధిలో పరువు తీస్తావా?"

"నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా అత్తయ్యా, పెరట్లో దాక్కోడానికి? ఇక్కడైతే వెలుతురుంది. బూడిద రంగు చూడాలి."

మొదటిది రేగడాకు. నాలుగు దమ్ములు లాగిందో లేదో, కళ్ళు తేలేసింది. దగ్గు, దగ్గు మీద దగ్గు, పొద్దున తిన్నదంతా మెట్ల పక్కనే కక్కేసింది. ఎదురింటి కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. నేను చెంబుతో నీళ్ళిచ్చి, "ఇక చాల్లే అక్కా, మన వల్ల అయ్యే పని కాదు" అన్నాను. మొహం కడుక్కుని, ఆరిపోయిన చుట్టనే మళ్ళీ వెలిగించింది. ఆవిడకు మొండితనం ఎముకల్లో ఉంది. సగం దాకా వచ్చేసరికి చుట్ట ఆరిపోయింది. ఎంత లాగినా రాజుకోలేదు.

"ఆకు పొగరు" అంది. "బరువెక్కువ, అందుకే కాలట్లేదు."

సాయంత్రం ఇసుక నేల ఆకుతో చుట్టింది. అది కాగితం మండినట్టు మండింది. బూడిద తెల్లగా వచ్చింది, రుచి మాత్రం ఏమీ లేదంది. అదీ సగం దాకా వచ్చి ఆరిపోయింది. రెండో ఆదివారం దుకాణానికి మళ్ళీ వెళ్ళి ముసలాయన్ను ఒక గంట వేపుకు తిని, మొక్కలో ఏ ఆకు ఎక్కణ్ణుంచి కోసిందో కూడా తెలుసుకుని వచ్చింది. అడుగాకు సులువుగా కాలుతుంది, నడిమాకుకు వాసన ఎక్కువ, పైకొస ఆకుకు ఘాటెక్కువ, కానీ నిదానంగా కాలుతుంది. కొసాకును నట్టనడుమ పెట్టి, దాని చుట్టూ అడుగాకు వేసి, పైన నడిమాకు చుట్టింది. ఈసారి దగ్గలేదు. కళ్ళు మూసుకుని, పొగను నోట్లోనే తిప్పి వదిలింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందే" అంది. ఆ మాట అన్నందుకు తనే ఆశ్చర్యపోయింది. "ముందు మట్టి వాసన, వెనకాల కాస్త తీపి." అంతలోనే మొహం మారింది. చుట్ట ఆరిపోయింది. సరిగ్గా సగం దగ్గర.

ఇక ఆవిడ ఊరుకుంటుందా? ఆరిపోయిన చుట్టలన్నీ ఒక డబ్బాలో దాచిందట, వాటన్నిటినీ తెచ్చి మెట్టు మీద వరసగా పేర్చింది. రేగడాకుదీ, ఇసుకాకుదీ, కలిపి చుట్టిందీ, అన్నీ ఒకే పొడవున మిగిలి ఉన్నాయి. ఆకు మారినా ఆరిన చోటు మారలేదు.

"ఆకు తప్పు కాదే" అంది మెల్లగా. "నా చెయ్యే."

మూడో ఆదివారం నాటికి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నెలలో ఇంక ఒక్క వారమే మిగిలింది. పీట ముందు కూర్చుని చుట్టడం, చూడటం, విప్పడం, మళ్ళీ చుట్టడం. నాకు ఒళ్ళు మండిపోయింది. పెరట్లో తడి దుప్పటి ఒక కొస నేనొక్కదాన్నే పట్టుకుని పిండలేక చస్తున్నాను. "అక్కా! ఆ చుట్ట పిండింది చాలు గానీ, వచ్చి ఈ దుప్పటి పిండు!" అని కేక పెట్టాను.

కోపంలో అన్న మాట. అన్నాక నేనే ఆగిపోయాను. దుప్పటి వదిలేసి లోపలికి పరిగెత్తాను. "మళ్ళీ చుట్టు" అన్నాను. చుట్టింది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి, ఆవిడకు తెలియకుండానే, కుడి మణికట్టు ఇటూ ఎడమ మణికట్టు అటూ కొద్దిగా తిరిగాయి. పద్నాలుగేళ్ళు ఆస్పత్రి దుప్పట్లు పిండిన చేతులు కదా, గుండ్రంగా ఏది దొరికినా పిండేస్తున్నాయి. పైఆకు చుట్టేస్తే ఆ మెలి కనపడదు. మేస్త్రి నిలువునా చీల్చి దులిపేస్తే అసలే కనపడదు. చాకు తెచ్చి, ఒక చుట్ట పైఆకు మాత్రం ఒలిచి చూశాం. నడుమ లోపలి ఆకు తాడులా మెలి తిరిగి ఉంది.

అక్క ఆ మెలిని వేలితో తడిమి చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "ఆ ఆస్పత్రి వాళ్ళు నన్ను పంపేశారు గానీ, నా చేతుల్ని పంపలేదే" అంది. పిండుతున్నావని మొదట చెప్పింది నేనే. ఆవిడను అడిగితే తనే కనిపెట్టానంటుంది, నమ్మకండి.

తప్పు తెలిస్తే సరిపోదు, చేతులు మాట వినాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా నడుమకు రాగానే మణికట్లు తిరిగిపోయేవి. చివరికి ఒక ఉపాయం పట్టింది. తువ్వాలు మడిచి కుడి చంకలో పెట్టుకుంది. మణికట్టు తిరిగితే మోచెయ్యి లేస్తుంది, మోచెయ్యి లేస్తే తువ్వాలు కింద పడుతుంది. మొదటి రోజు తువ్వాలు ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. కార్ఖానాలో కూడా అలాగే చంకలో తువ్వాలుతో కూర్చుంది. "ఏమ్మా, స్నానానికా?" అని ఎవడో కూశాడు. "నీ పాడె కట్టేటప్పుడు నీకు తుడవడానికి" అంది తలెత్తకుండా. ఆ తర్వాత ఎవరూ కూయలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని తన చుట్ట తాగుతూ సరిచూసుకునేది. ఒకరోజు ఎదురింటావిడ వచ్చి, "ఆడదానివై ఉండి ఇదేం పనమ్మా?" అంది. మా అత్తగారు లోపలి నుంచి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి అక్క పక్కనే వేసుకుని కూర్చుంది. "నా కోడల్ని తిట్టడానికి నేనున్నాను. మధ్యలో నువ్వెవరు?" అంది. ఎదురింటావిడ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. అత్తగారు అప్పుడు అక్క వైపు తిరిగి తీరిగ్గా తిట్టింది.

నెలాఖరు సాయంత్రం. అక్క ఆ రోజు పొద్దున వెళ్ళేటప్పుడే మంచం కింది గలీబు కూడా భుజాన వేసుకుని తెచ్చి బల్ల కింద పెట్టింది. మేస్త్రి వచ్చాడు. వెనకాల కొత్త అల్లుడు, ఇస్త్రీ చొక్కాతో, బల్లను చూసుకోవడానికి వచ్చాడు కాబోలు. మేస్త్రి గొట్టం తీశాడు. మొదటి చుట్ట పీల్చాడు. ఆగాడు. మళ్ళీ పీల్చాడు. పెట్టెలో వేశాడు. రెండోదీ పెట్టెలోకి. మూడోదీ. నేను ఈనెల బుట్ట వదిలేసి లేచి నిలబడ్డాను. కుప్పంతా పెట్టెలోకి పోయింది. ఒక్కటంటే ఒక్కటి చీల్చలేదు. చాకు ఆయన చేతిలో ఊరికే ఉంది.

"చుట్టలు బాగానే ఉన్నాయి" అన్నాడు గొంతు సవరించుకుని. "కానీ రేపట్నుంచి బల్ల అల్లుడిదే."

"ఎందుకని?" అంది అక్క.

"నువ్వు వీధి మెట్ల మీద కూర్చుని చుట్ట తాగుతున్నావటగా. ఊరంతా చెప్పుకుంటున్నారు. చుట్ట తాగే ఆడదాన్ని బల్ల మీద కూర్చోబెడితే మన కార్ఖానా పరువేం కావాలి?"

చూశారా? చుట్టలు చేసి అమ్మే కార్ఖానాకు చుట్ట వల్ల పరువు పోతుందట! నా నోట్లోంచి బూతు ఒకటి వచ్చేసింది, అది ఇక్కడ రాయను.

అక్క అరవలేదు. వంగి బల్ల కింది గలీబు తీసి, దాని మూతి విప్పి, మేస్త్రి ముందున్న బల్ల మీద బోర్లించింది. సబ్బులు దడదడా పడ్డాయి. కొన్ని కింద పడి దొర్లుకుంటూ అల్లుడి బూట్ల దాకా పోయాయి.

"ఇవి మీ సబ్బులు మేస్త్రిగారూ. ఒక్కటి కూడా తడపలేదు. నాకు రావాల్సింది నేను తీసుకుంటున్నాను" అంది. పెట్టెలోంచి తను చుట్టిన చుట్ట ఒకటి తీసింది, బల్ల ముందు కూర్చుంది, వెలిగించింది.

"లేచి బయటికి నడు!" అన్నాడు మేస్త్రి.

"కాలనివ్వండి. రోజు చుట్ట పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపకూడదు. ఇది కూడా మీ నాన్నగారి రోజుల్నుంచి ఉన్నదే కదా?"

అందరి కళ్ళూ ఆ నిప్పు మీదే. అది నిదానంగా, గుండ్రంగా వెనక్కి జరుగుతోంది. బూడిద తెల్లగా నిలబడింది. సగం దగ్గరికి వచ్చింది. నిప్పు సగం దాటింది. దాటి హాయిగా కాలుతూ పోయింది.

అప్పుడు మా బావగారు లేచాడు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. వచ్చి, ఇంకా వెలిగించని తన రోజు చుట్టను మేస్త్రి ముందు పెట్టాడు. కింద పడ్డ సబ్బుల్లోంచి ఒకటి ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

"నాకు ఇవాల్టి నుంచి సబ్బే ఇవ్వండి మేస్త్రిగారూ" అన్నాడు. "మా ఆవిడకి రాని చుట్ట నాకొద్దు."

అక్క పొగ వదలడం మర్చిపోయి మొగుడి వైపు చూసింది. ఆ చూపు చూసి నేను తల తిప్పుకున్నాను, పరాయివాళ్ళు చూడాల్సింది కాదు అది.

మర్నాడు పొద్దున కార్ఖానా తెరిచేసరికి అక్క ఏడో బల్ల ముందు కూర్చుని ఉంది, చంకలో తువ్వాలుతో. అల్లుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "కూర్చో బాబూ" అంది ఆవిడ. "ఈనెలు తీసేవాళ్ళు కాస్త సర్దుకుంటారు, నేర్చుకుందువుగాని." మేస్త్రి పళ్ళు నూరుకుంటూ మా వైపు తిరిగి, "ఆకు పంపండి, బల్లలు ఖాళీగా ఉన్నాయి" అని అరిచాడు. మేం కదల్లేదు. ఆడవాళ్ళం అందరం బుట్టల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాం. ముందు రోజు సాయంత్రమే గేటు దగ్గర అందరితోనూ మాట్లాడి పెట్టాను.

"ఏమిటిది?" అన్నాడు.

"ఏం లేదు మేస్త్రిగారూ" అన్నాను నేను. "ఏడో బల్ల ఎవరిదో తేలాక తీస్తాం. ఈలోగా ఈనె ఉన్న ఆకుతో చుట్టి చూడండి, గాలి ఎలా వస్తుందో."

బల్లల దగ్గర ఎవరూ నవ్వలేదు. చుట్టేవాళ్ళు ఖాళీ చేతులతో మేస్త్రి మొహం చూస్తున్నారు. ఎండ కిటికీలోంచి రెండో బల్ల దాకా పాకింది, అక్కణ్ణుంచి మూడో బల్ల దాకా. అల్లుడే మొదట నీరుగారిపోయాడు. "మామయ్యా, నాకు ఈ వాసన పడట్లేదు" అని మెల్లగా గొణిగి, గేటు వైపు నడిచాడు. మేస్త్రి గొట్టం జేబులోంచి తీశాడు, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "సరే, తీయండి" అన్నాడు. ఏది సరేనో చెప్పలేదు, మేం అడగలేదు. నేను మొదటి ఈనె లాగాను.

ఆ సాయంత్రం ఆయన చుట్టల పెట్టే, సబ్బుల పెట్టే రెండూ తెచ్చి ఒకే బల్ల మీద పెట్టాడు. ఎవరి మొహమూ చూడకుండా, "ఎవరికేది కావాలో తీసుకోండి" అన్నాడు.

అక్క అందరికన్నా ముందు వెళ్ళింది. తన చుట్ట తీసుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఒక సబ్బు కూడా తీసుకుంది.

"అదెందుకు?" అన్నాడు మేస్త్రి, ఉండబట్టలేక.

"చుట్ట తాగాక చేతులు కడుక్కోవద్దా?" అంది.